తెల్లబట్టకు కిట్టా, పరీక్షా, ప్రోబయాటిక్కా, ఆపరేషనా?

ల్యాబ్ కౌంటర్ దగ్గర నిలబడి ఆమె చేతిసంచిలోంచి ఒక్కొక్కటే తీసి పెట్టింది. అన్నీ ఖాళీ మాత్రల అట్టలే. మెడికల్ షాపుల్లో అమ్మే నాలుగు మాత్రల కిట్లు ఏడు. ఒక్కోదాంట్లో ఫ్లూకోనజోల్ ఒకటి, అజిత్రోమైసిన్ ఒకటి, సెక్నిడజోల్ రెండు. "తెల్లబట్ట అయితుంది అంటే ఇదే ఇస్తడు మేడమ్. పది రోజులు మంచిగుంటది. మళ్ల నెలసరి కాంగనే మొదలు" అంది. రెండేళ్లలో ఏడుసార్లు వాడింది. ఆ ఏడుసార్లలో ఒక్కసారి కూడా ఎవరూ ఆమెను పరీక్షించలేదు. ఇప్పుడేమో వాళ్ల ఊరి ఆర్‌ఎంపీ, గర్భసంచి పుండైనట్టుంది, తీయించుకుంటే పీడా పోతుందని చెప్పాడట. ఆమెకు ముప్పై రెండేళ్లు.

నేను డాక్టర్ని కాను. ల్యాబ్‌లో స్లైడ్లు చూసే మనిషిని. ఏ మందు ఎవరికి ఇవ్వాలో చెప్పాల్సింది గైనకాలజిస్టే. కానీ పద్దెనిమిదేళ్లుగా ఇలాంటి అట్టలు చూస్తున్నాను కాబట్టి, ఒక ఆడమనిషి ముందు ఎన్ని దారులున్నాయో, ఏ దారి ఎంతదూరం తీసుకెళ్తుందో పక్కపక్కన పెట్టి చెప్పాలనిపించింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ మందు మంచిదనే ప్రశ్న తర్వాత. చూసి వాడుతున్నామా, చూడకుండా వాడుతున్నామా అన్నది ముందు తేలాలి.

అక్కడ ఉండాల్సిన సూక్ష్మజీవులు

యోనిలో బ్యాక్టీరియా ఉండటం జబ్బు కాదు. ఉండాల్సినవి ఉండాలి. 1892లోనే ఆల్బర్ట్ డోడర్లైన్ అనే జర్మన్ వైద్యుడు ఆరోగ్యంగా ఉన్న స్త్రీల స్రావంలో సన్నని పుల్లల్లాంటి సూక్ష్మజీవులుంటాయని, అవి ఆమ్లాన్ని తయారు చేస్తాయని రాశాడు. వాటినే ఇప్పుడు లాక్టోబాసిల్లస్ అంటున్నాం. వయసులో ఉన్న స్త్రీకి ఈస్ట్రోజెన్ హార్మోన్ వల్ల యోని గోడల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ అవుతుంది. అది విరిగి చక్కెరలుగా మారితే ఈ పుల్లలు వాటిని తిని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. పాలు తోడుకుని పుల్లబడేదీ ఈ ఆమ్లంతోనే. అందుకే అక్కడి పీహెచ్, అంటే పులుపు కొలత (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. ఆ పులుపులో చాలా రోగక్రిములు నిలదొక్కుకోలేవు.

2011లో అమెరికాలో జాక్ రవెల్ బృందం 396 మంది స్త్రీల నమూనాల్లోని జన్యుపదార్థాన్ని చదివి, యోనిలోని సూక్ష్మజీవుల సముదాయాలను ఐదు రకాలుగా విడదీసింది. నాలుగింటిలో ఏదో ఒక లాక్టోబాసిల్లస్ పెత్తనం చేస్తుంది. క్రిస్పాటస్, గాస్సెరీ, ఇనెర్స్, జెన్సెనీ అని వాటి పేర్లు. మిగిలిన రకంలో లాక్టోబాసిల్లస్ పలచబడి రకరకాల ఇతర బ్యాక్టీరియా కలగాపులగంగా ఉంటాయి. ఆ రకంలో ఉన్న వాళ్లంతా రోగులు కారు. ఈ మాట గుర్తుంచుకోండి, ఖరీదైన టెస్టుల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

నాలుగు లాక్టోబాసిల్లస్‌లలో క్రిస్పాటస్ గట్టి కాపలాదారు. ఇనెర్స్ అంత నమ్మకమైంది కాదు. మంచిరోజుల్లో ఉంటుంది, చెడ్డ గుంపు వచ్చినప్పుడు దాంతోనూ సర్దుకుపోతుంది.

ఈ సమతూకం తప్పి గార్డ్‌నెరెల్లా లాంటివి పెరిగిపోవడాన్ని బ్యాక్టీరియల్ వెజినోసిస్ అంటారు. డాక్టర్లు బీవీ అని పొట్టిగా పిలుస్తారు. ఇందులో ఎరుపు, వాపు పెద్దగా కనపడవు. స్లైడ్ మీద చీము కణాలూ తక్కువే. అందుకే దీన్ని వెజినైటిస్ (యోని వాపు) అనలేదు. అలాగని లోపల ప్రశాంతంగా ఏమీ ఉండదు. ఆ బ్యాక్టీరియా వదిలే ఎంజైములు కాపాడే జిగురుపొరను కొరికేస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా లాంటి వాపు సంకేతాలు పెరుగుతాయి. చప్పుడు చేయని ఇన్‌ఫ్లమేషన్ అన్నమాట. దీనివల్ల హెచ్ఐవీ, క్లమీడియా, గనోరియా తేలిగ్గా అంటుకుంటాయి. దక్షిణాఫ్రికాలోని క్వాజులూ-నటాల్ ప్రాంతపు యువతులపై 2017లో వచ్చిన అధ్యయనంలో, క్రిస్పాటస్ పెత్తనం ఉన్న వాళ్లకన్నా కలగాపులగం రకం ఉన్న వాళ్లకు హెచ్ఐవీ సోకడం నాలుగు రెట్లకు పైగా ఉంది. గర్భిణులలో నెలలు నిండకుండా కాన్పు కావడానికీ, గర్భసంచి, ట్యూబుల దాకా ఇన్‌ఫెక్షన్ పాకడానికీ బీవీతో సంబంధం ఉంది.

అసలు మందు అవసరమా?

చాలామందికి అక్కర్లేదు. నెలసరికి నెలసరికి మధ్యలో గుడ్డులోని తెల్లసొనలా సాగే స్రావం, నెలసరి ముందు కాస్త చిక్కగా తెల్లగా ఉండేది, గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువయ్యేది, ఇవన్నీ మామూలే. బట్టకు అంటి ఆరితే లేత పసుపుగా మరక కట్టడమూ మామూలే. వాసన, దురద, మంట లేకపోతే దాని జోలికి పోనక్కర్లేదు.

మన ఊళ్లలో తెల్లబట్ట అంటే ఎముకలు కరిగి పోతున్నాయని భయం. వేడి చేసిందని సబ్జా గింజలు, బార్లీ నీళ్లు తాగిస్తారు. తాగితే నష్టం లేదు. కానీ ఎముకలు ఆ దారిన కరిగిపోవు. ఆ భయంతో నీరసపడ్డ వాళ్లకు చాలాసార్లు అసలు సంగతి రక్తహీనత. హిమోగ్లోబిన్ చూపించుకుంటే తెలిసిపోతుంది.

ఇక జబ్బు అయితే ఎక్కువసార్లు మూడింటిలో ఒకటి. పలచగా, బూడిద తెలుపులో ఉండి చేపల నీచు వాసన వేస్తుంటే, ముఖ్యంగా భర్తతో కలిశాక, నెలసరి అయ్యాక ఆ వాసన ఎక్కువైతే, బీవీ కావచ్చు. వీర్యం, రక్తం రెండూ పులుపును తగ్గిస్తాయి, అప్పుడా వాసన విడుదలవుతుంది. విరిగిన పాల ముద్దల్లా ఉండి భరించలేని దురద ఉంటే కాండిడా అనే ఫంగస్. పసుపు, ఆకుపచ్చ కలిసిన నురగ, మంట ఉంటే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి. పుస్తకంలో ఇంత తేటగా ఉంటుంది. మనిషిలో ఉండదు. రెండు కలిసి రావచ్చు, ఏ లక్షణమూ లేకుండా ఉండవచ్చు. అందుకే రంగు చూసి తీర్పు చెప్పే వాళ్లను నేను నమ్మను.

పొత్తికడుపులో నొప్పి, జ్వరం, కలిసినప్పుడు లోపల నొప్పి, కలిశాక రక్తం కనపడటం, నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం, నీళ్లలా కారుతూ రక్తం కలిసిన కుళ్లు వాసన, వీటిలో ఏది ఉన్నా ఈ వ్యాసం పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అది ట్యూబుల ఇన్‌ఫెక్షన్ కావచ్చు, గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్ కావచ్చు.

షాపు కిట్టు, సర్కారు కిట్టు, పరీక్ష

షాపు కిట్టుకు ఉన్న బలం ఒక్కటే, అడిగిన ఐదు నిమిషాల్లో చేతికొస్తుంది. ఎవరికీ చూపించుకోనక్కర్లేదు. సిగ్గు, దూరం, కూలి పోవడం, ఇవన్నీ నిజమైన కారణాలే, నేను తప్పుపట్టను. కిట్టులో పనికొచ్చే మందులూ ఉన్నాయి. సెక్నిడజోల్ రెండు గ్రాములు ఒకేసారి వేసుకోవడం బీవీకి గుర్తింపున్న వైద్యమే. ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాములు కాండిడాకు వాడేదే. కానీ అజిత్రోమైసిన్ పైన చెప్పిన మూడింటిలో దేనికీ మందు కాదు. అవసరం లేని యాంటీబయాటిక్ వేసుకుంటే కాపలా కాసే లాక్టోబాసిల్లస్‌కే దెబ్బ తగలొచ్చు. ఇంకో ప్రమాదం, గర్భం వచ్చిన సంగతి తెలియకుండానే ఫ్లూకోనజోల్ మింగేసే వాళ్లున్నారు. గర్భిణులు కాండిడాకు నోటి మాత్ర కాకుండా, డాక్టర్ చెప్పినన్ని రోజులు లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ వాడాలి.

సర్కారు కిట్టు అంటే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కింద నడిచే సురక్ష క్లినిక్‌లలో ఇచ్చే రంగుల కిట్లు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ క్లినిక్‌లుంటాయి. యోని స్రావానికి ఇచ్చేది ఆకుపచ్చ కిట్టు. అందులో సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ మాత్రమే ఉంటాయి. ముఖద్వారం దగ్గర ఇన్‌ఫెక్షన్ కనిపిస్తే బూడిదరంగు కిట్టు, పొత్తికడుపు నొప్పి ఉంటే పసుపు కిట్టు. చూడ్డానికి ఇదీ మాత్రల కట్టే. తేడా ఎక్కడంటే, ఇక్కడ డాక్టరో నర్సో పరీక్ష చేసి ఏ రంగు కావాలో నిర్ణయిస్తారు, కౌన్సెలర్ మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ల్యాబ్ అందుబాటులో లేని చోట రూపొందించుకున్న పద్ధతి ఇది. షాపు కిట్టా, సురక్ష క్లినిక్కా అని అడిగితే, రెండో మాట లేకుండా క్లినిక్ అంటాను.

పరీక్షకు వస్తే, జనం అనుకున్నంత ఖర్చు కాదు, అనుకున్నంత కష్టమూ కాదు. దూదిపుల్లతో యోని పక్కగోడ నుంచి కాస్త స్రావం తీస్తాం. దాన్ని పీహెచ్ కాగితానికి అద్దుతాం. 4.5 లోపు ఉంటే బీవీ అవకాశం బాగా తక్కువ, దురద ఉంటే కాండిడా వైపు చూస్తాం. 4.5 దాటితే బీవీ గానీ ట్రైకోమోనాస్ గానీ. ఇంకో చుక్కకు పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి వాసన చూస్తాం. నీచు వాసన గుప్పుమంటే గుర్తు దొరికినట్టే. మూడో చుక్కను సెలైన్‌తో స్లైడ్ మీద వేసి వెంటనే చూడాలి, ఎందుకంటే ట్రైకోమోనాస్ చల్లబడితే కదలడం మానేస్తుంది. కదులుతుండగా చూస్తే మాత్రం పొరపాటు పడే అవకాశమే లేదు. తోక ఆడిస్తూ గిలగిల కొట్టుకుంటుంది.

బీవీ ఉన్న స్లైడ్ ఎలా ఉంటుందో చెప్తాను. యోని గోడ కణం మామూలుగా అంచులు తేటగా, పలచని అప్పడం ముక్కలా ఉంటుంది. బీవీలో ఆ కణం మీద బ్యాక్టీరియా ఎంత దట్టంగా అంటుకుంటాయంటే, నువ్వులద్దిన అరిసెలా అంచే కనపడదు. దీన్ని క్లూ సెల్ అంటారు. పలచని బూడిద స్రావం, 4.5 దాటిన పీహెచ్, నీచు వాసన, క్లూ సెల్స్, ఈ నాలుగింటిలో మూడుంటే బీవీ అని 1983లో ఆమ్సెల్ చెప్పిన లెక్కే నేటికీ వాడుతున్నాం. గ్రామ్ స్టెయిన్ చేసి, అంటే స్లైడ్ మీది బ్యాక్టీరియాకు రంగు పట్టించి, 0 నుంచి 10 దాకా మార్కులిచ్చే న్యూజెంట్ స్కోరు 1991లో వచ్చింది. 0 నుంచి 3 అయితే బాగున్నట్టు, 7 గానీ ఆపైన గానీ ఉంటే బీవీ. ఈ పరీక్షలన్నీ కలిపినా పెద్ద మొత్తం కాదు. ఏడు కిట్లకు ఆమె పెట్టిన డబ్బుతో పోల్చి చూసుకోండి.

పరీక్షకు వెళ్లేటప్పుడు నెలసరిలో వద్దు. ముందు రెండు రోజులు భర్తతో కలవకుండా ఉండాలి, లోపల ఏ మందూ పెట్టుకోకూడదు, లోపల కడగకూడదు. వీర్యం, రక్తం ఉంటే పీహెచ్ తప్పు చూపిస్తుంది. నొప్పి, జ్వరం ఉంటే ఈ నియమాల కోసం ఆగకండి.

బీవీ అని తేలితే ఏ రూపంలో మందు?

మెట్రోనిడజోల్ మాత్రలు రోజుకు రెండు చొప్పున ఏడు రోజులు. లేదా 0.75 శాతం మెట్రోనిడజోల్ జెల్ ఐదు రాత్రులు. లేదా 2 శాతం క్లిండమైసిన్ క్రీమ్ ఏడు రాత్రులు. ఫలితంలో మూడూ ఇంచుమించు సమానమే. మరి ఎలా ఎంచుకోవాలి?

మాత్రలు చాలా చవక, సర్కారు ఆసుపత్రిలో ఉచితం. నోరు ఇనుము నాకినట్టు ఉంటుంది, కొందరికి వికారం. అందుకే మూడో రోజుకే ఆపేస్తారు. వాసన కూడా అప్పటికి తగ్గిపోయి ఉంటుంది కదా, బాగైపోయిందనుకుంటారు. కడుపులో పడని వాళ్లకు జెల్ మేలు, ఖర్చు ఎక్కువ. క్రీమ్ నూనె ఆధారంగా ఉంటుంది, వాడినప్పుడూ ఆపాక ఐదు రోజుల దాకా కండోమ్ బలహీనపడుతుంది. నా దృష్టిలో మెట్రోనిడజోల్‌కు ఇంకో మంచి గుణం ఉంది. లాక్టోబాసిల్లస్‌లు దానికి పెద్దగా చావవు. చెడ్డవి పోతే మంచివి మళ్లీ పుంజుకోవడానికి చోటు మిగులుతుంది. గర్భిణికి లక్షణాలుంటే వైద్యం తప్పనిసరి, డాక్టర్ చెప్పినట్టు మెట్రోనిడజోల్ వాడొచ్చు.

క్లిండమైసిన్, క్లోట్రిమజోల్ రెండూ కలిపి లోపల పెట్టుకునే మూడు రోజుల క్యాప్సూళ్లు మన దగ్గర విపరీతంగా రాస్తారు. రెండు జబ్బులూ స్లైడ్‌లో ఉన్నప్పుడు సరే. ఏదో ఒకటి తగులుతుందని రాస్తే అదీ షాపు కిట్టు లాంటిదే.

మళ్లీ మళ్లీ వస్తుంటే

ఇక్కడే ఆడవాళ్లు అలసిపోతారు. పూర్తి కోర్సు వాడినా ఏడాది లోపు సగం మందికి పైగా బీవీ తిరిగొస్తుంది. గార్డ్‌నెరెల్లా కణాల మీద జిగురు పొర కట్టుకుని ఉంటుంది, పైవి చచ్చినా అడుగున మిగిలిపోతాయి. తిరిగి వచ్చినందుకు తన శుభ్రత మీదే అనుమానపడే వాళ్లను ఎందరినో చూశాను. ఇది శుభ్రతకు సంబంధించింది కాదు. ఇంకా చెప్పాలంటే లోపల ఎక్కువ కడిగేవాళ్లకే ఇది ఎక్కువ.

రెండో కారణం ఇంట్లోనే ఉండొచ్చు. భర్తకు కూడా మందివ్వాలా అన్న ప్రశ్నకు చాలా ఏళ్లు వద్దనే సమాధానం వచ్చింది. మగవాళ్లకు మాత్రలు మాత్రమే ఇచ్చి చేసిన పాత అధ్యయనాల్లో లాభం కనపడలేదు. 2025 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం దీన్ని తిరగరాసింది. 164 జంటల్ని తీసుకుని, ఒక వర్గంలో భార్యకు మాత్రమే, రెండో వర్గంలో ఇద్దరికీ మందిచ్చారు. మగవాళ్లు ఏడు రోజులు మెట్రోనిడజోల్ మాత్రలతో పాటు అంగం చర్మానికి క్లిండమైసిన్ క్రీమ్ కూడా రాసుకున్నారు. 12 వారాల్లో మొదటి వర్గంలో 63 శాతం మందికి బీవీ తిరిగొచ్చింది, రెండో వర్గంలో 35 శాతానికే. మొత్తం ఆగలేదు, కానీ ఇంత తేడా చూపిన ఉపాయాలు తక్కువ. ఆ మగవాళ్లలో ఎక్కువమంది సున్తీ లేనివాళ్లే కాబట్టి మన ఇళ్లకు ఇది బాగానే వర్తిస్తుందని నా అభిప్రాయం.

"నాకేం లేదు, నేనెందుకు మింగాలి" అనే భర్తకు ఈ లెక్క చూపించండి. ఇది అక్రమ సంబంధానికి రుజువు కాదు, ఆ అనుమానంతో ఇంట్లో గొడవలు పెట్టుకోవద్దు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయిన ఇళ్లలో కండోమ్ ఊసే ఉండదు, వైద్యం జరిగే రోజుల్లోనైనా వాడటం మంచిది. ట్రైకోమోనాస్ అయితే చర్చే లేదు, భర్తకూ వైద్యం జరిగి తీరాలి. కాపర్‌-టి ఉంటే డాక్టర్‌కు చెప్పండి. తిరిగొచ్చేది బీవీ కాక కాండిడా అయితే భర్తకు మందు అక్కర్లేదు, మీ షుగర్ చూపించుకోండి. ఫంగస్ ద్వారా బయటపడిన మధుమేహాన్ని ఎన్నోసార్లు చూశాం.

బోరిక్ యాసిడ్ గురించి ఇంటర్నెట్‌లో చదివి క్యారమ్ బోర్డు మీద చల్లే పొడిని లోపల పెట్టుకున్న అమ్మాయి గురించి విన్నాను. దయచేసి ఆ పని చేయకండి. మొండి బీవీకి, మొండి ఫంగస్‌కు 600 మిల్లీగ్రాముల బోరిక్ యాసిడ్ క్యాప్సూళ్లను డాక్టర్లు లోపల పెట్టుకోమని రాస్తారు, నిజమే. కొలత ఉంటుంది, రోజులుంటాయి. మింగితే విషం, పిల్లల చేతికి చిక్కితే ప్రాణాలకే ప్రమాదం, గర్భిణులు అస్సలు వాడకూడదు.

పెరుగు, ప్రోబయాటిక్, వాష్

పెరుగన్నం తినండి, మంచిదే. కానీ మన పెరుగు తోడులో ఉండే బ్యాక్టీరియా, యోనిలో కాపలా కాసే క్రిస్పాటస్ ఒకటి కావు. ఇంటిపేరు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఆ పని ఇది చేయదు. పెరుగును లోపల పూసుకోవడం మాత్రం వద్దే వద్దు.

షాపుల్లో దొరికే ప్రోబయాటిక్ (మంచి బ్యాక్టీరియా నింపిన) క్యాప్సూళ్లలో ఎక్కువగా రామ్నోసస్, రియూటెరీ, అసిడోఫిలస్ రకాలుంటాయి. మింగిన వాటితో వచ్చే లాభం మీద ఫలితాలు అటూ ఇటూగా ఉన్నాయి. నష్టం తక్కువ, ఖర్చు నెలనెలా. మందుకు బదులుగా వీటిని నమ్ముకోవద్దు. నిజంగా ఆశ పుట్టించింది వేరే. 2020లో అమెరికాలో 228 మంది స్త్రీలపై, మెట్రోనిడజోల్ జెల్ వాడాక క్రిస్పాటస్‌నే పొడిగా యోనిలో పెట్టి చూశారు. 12 వారాలకు బీవీ తిరిగొచ్చింది 30 శాతానికి, ఉత్తుత్తి పొడి పెట్టిన వారిలో 45 శాతానికి. ఆ మందు మన షాపుల్లో దొరకదు. అదే ఇదని చెప్పి అమ్మే క్యాప్సూల్‌ను కొనేముందు అట్ట మీద క్రిస్పాటస్ అనే పేరుందా, నోటికా లోపలికా అని చదవండి.

ఇజ్రాయెల్‌లో 2019లో ఐదుగురు మొండి బీవీ స్త్రీలకు ఆరోగ్యవంతుల యోని స్రావాన్నే మార్పిడి చేశారు. నలుగురికి దీర్ఘకాలం నయమైంది. ఐదుగురంటే ఐదుగురే, ఆసుపత్రిలో దాతలకు అన్ని పరీక్షలూ చేసి చేసిన పని అది.

ఇంటిమేట్ వాష్ బయట చర్మానికే. ఒళ్లు రుద్దుకునే సబ్బు మండుతుంటే దానికన్నా మెరుగు కావచ్చు. మామూలు నీళ్లు చాలు. లోపలికి నీళ్లు గానీ, యాంటీసెప్టిక్ కలిపిన నీళ్లు గానీ కొట్టి కడగడం లాక్టోబాసిల్లస్‌ను ఊడ్చేసినట్టే.

వేల రూపాయల మైక్రోబయోమ్ టెస్టు

నగరాల్లో సంతాన సాఫల్య కేంద్రాల్లో ఈ టెస్టు పేరు ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. ఏ బ్యాక్టీరియా ఎంత శాతముందో రంగురంగుల బొమ్మలతో రిపోర్టు వస్తుంది. పిల్లల కోసం తపిస్తున్న అమ్మాయికి ఆ బొమ్మలో ఎరుపు కనిపిస్తే గుండె ఆగినంత పనవుతుంది. ముందు చెప్పిన మాట ఇక్కడ గుర్తు చేసుకోండి, కలగాపులగం రకం ఉన్న వాళ్లంతా రోగులు కారు. లక్షణాలు లేనప్పుడు ఆ శాతాల్ని బట్టి మందిస్తే గర్భం నిలుస్తుందని చెప్పేంత రుజువు లేదు. ఫ్రాన్స్‌లో జరిగి 2018లో లాన్సెట్‌లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, బీవీ ఉన్న తక్కువ ప్రమాదపు గర్భిణులకు క్లిండమైసిన్ ఇచ్చినా గర్భస్రావాలు, బాగా ముందస్తు కాన్పులు తగ్గలేదు. అంటే బీవీకీ ఆ కష్టాలకూ సంబంధం ఉన్నా, యాంటీబయాటిక్‌తో ఆ ముడి అంత సులువుగా విడిపోదు. లక్షణాలుంటే గ్రామ్ స్టెయిన్ చేయించండి. టెస్టు డబ్బు దాచుకోండి.

నెలసరి ఆగిపోయాక

ఈస్ట్రోజెన్ తగ్గితే గ్లైకోజెన్ తగ్గుతుంది, తిండి లేక లాక్టోబాసిల్లస్‌లు వెళ్లిపోతాయి, పీహెచ్ పెరుగుతుంది, గోడలు పలచబడతాయి. మంట, దురద, మాటిమాటికీ మూత్రం ఇన్‌ఫెక్షన్. ఈ వయసులో కిట్లు, ప్రోబయాటిక్‌లు, క్రీమ్ మధ్య ఎంచుకోమంటే, లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ గురించి డాక్టర్‌ను అడగండి. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి తప్పక ముందే చెప్పాలి.

గర్భసంచి తీయించడం

దీన్ని ఒక ఎంపికగా రాయాల్సి రావడమే నాకు బాధ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అవసరం లేని ఈ ఆపరేషన్లను ఆపడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలిచ్చింది, వాటిని అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది.

బీవీ, కాండిడా, ట్రైకోమోనాస్ మూడూ ఉండేది యోనిలో. గర్భసంచి తీసినా యోని అక్కడే ఉంటుంది, అందులోని సూక్ష్మజీవులూ అక్కడే ఉంటాయి. దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోయి, ముప్పై ఏళ్లకే యాభై దాటిన ఒళ్లవుతుంది. ఎముకలు నిజంగా బలహీనపడేది అప్పుడు. ఎవరైనా తెల్లబట్టకు ఆపరేషన్ అంటే, స్లైడ్ రిపోర్టు, ముఖద్వారం పరీక్ష రిపోర్టు, స్కానింగ్ మూడూ చేతిలో పెట్టుకుని ఇంకో గైనకాలజిస్టుకు చూపించండి. ముప్పై దాటినవారికి ముఖద్వారాన్ని చూసే వీఐఏ పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. క్యాన్సర్ భయం తీరడానికి అదే సరైన దారి.

కౌంటర్ దగ్గరికి వచ్చిన ఆమె స్లైడ్‌లో నువ్వుల అరిసెలే. పీహెచ్ 5 దాటింది. వీఐఏ బాగుంది. గైనకాలజిస్టు ఇద్దరికీ ఏడు రోజులు మందు రాసింది. భర్త ముందు ఒప్పుకోలేదు, డాక్టరమ్మే ఫోన్‌లో మాట్లాడింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లేదాకా మా చిన్నమ్మే గుర్తొచ్చింది. ముప్పై నాలుగేళ్లకు తెల్లబట్టని గర్భసంచి, అండాశయాలు తీయించుకుంది. యాభై ఆరో ఏట దురదతో నిద్ర పట్టట్లేదంటే నేనే ల్యాబ్‌కు తీసుకెళ్లాను. స్లైడ్ మొత్తం వెతికాను, ఒక్క లాక్టోబాసిల్లస్ పుల్ల కూడా కనపడలేదు. చిన్న గుండ్రటి పచ్చి కణాలు, అక్కడక్కడా చీము కణాలు. డాక్టర్ ఈస్ట్రోజెన్ క్రీమ్ రాసింది, మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. నెల తిరక్కుండానే ఫోన్ చేసి నిద్ర పడుతోందని చెప్పింది. కాసేపు ఆగి, "అప్పుడు ఆపరేషన్‌కి ముందు ఇట్లాంటి గాజుబిళ్ల ఏమన్నా పెట్టి చూశారా అని నీ దగ్గర ఆ కాగితాలున్నాయేమో వెతుకు తల్లీ" అంది. ఆ ఫైలు నా దగ్గరే ఉంది. అందులో స్కానింగ్ కాగితం ఉంది, బిల్లు ఉంది. ల్యాబ్ రిపోర్టు లేదు.